పానగోష్ఠిలో తెలుగు మేష్టారు

మనుషులకు మల్లేనే మాటలకు కూడా జాతకాలుంటాయి. కొన్ని మాటలు పుట్టినచోట పరువు లేక, పరాయిదేశం వెళ్లి, పేరు మార్చుకుని, పట్టుబట్టలు కట్టుకుని తిరిగివస్తాయి. అప్పుడు మనమే లేచి కుర్చీ వేస్తాం. 'కల్లుపాక' అనగానే ముక్కు మూసుకునే పెద్దమనిషి 'బార్' అంటే మూసుకోడు. 'సారాకొట్టు' అన్నమాట మా ఇంట్లో పిల్లల ముందు ఎవరూ అనరు. 'కాక్‌టెయిల్' అనే మాట మాత్రం మా అమ్మాయి చదివే ఇంగ్లీషు నవలల్లో దర్జాగా కూర్చుని వుంటుంది. ఇక ఈ బార్ అనేది ఎంత గడుసుమాటో చూడండి. వకీళ్లు కూర్చునేదీ బారే, తాగేవాళ్లు కూర్చునేదీ బారే. రెండుచోట్లా మనిషి జేబు తేలిక చేసుకునే బయటికి వస్తాడని మా కాలేజీ లెక్కల మేష్టారు అంటూ వుంటారు.

పద్ధెనిమిదేళ్లుగా తెలుగు పాఠం చెప్పుకుని బతుకుతున్న నాబోటివాడికి ఈ గొడవ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. నేను తాగను. తాగాలన్న సరదా కూడా లేదు. ఇది చదివి ఎవరూ తాగుడు నేర్చుకోనక్కర్లేదు. తాగేవాళ్లు ఎలాగూ మానరు. నేను చెప్పబోయేది ఒక కుర్రవాడి చేతిపనిని గురించి, వాడి తండ్రి నామీద పెట్టిన ఒక రాయబారాన్ని గురించి.

మాది చోడవరం. విశాఖపట్నం జిల్లా ఊరుగా పుట్టి పెరిగి, 2022లో అనకాపల్లి జిల్లాలోకి మారింది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికీ, చెరుకు తోటలకూ పేరుపడ్డ ఊరు. గోవాడ చక్కెర మిల్లు కూతలు వింటూ పెరిగినవాళ్లం. చలికాలంలో పొద్దున్నే రోడ్డున పడితే గానుగల దగ్గర బెల్లం పాకం వాసన మనిషిని పట్టుకుని నిలబెట్టేస్తుంది. ఆ చుట్టుపక్కలే వరిచేల గట్ల మీద తాటిచెట్లు. తాటిచెట్టు ఎక్కేవాడిది ఒక బతుకు.

నా స్నేహితుడొకాయన రిటైరైన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన తండ్రి తాళ్లు గీసేవాడు. చిన్నప్పుడు బడిలో పిల్లలు ఈయన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు, కల్లుకుండ అనేవారు. ఆ మాట చెరుపుకోవడానికి ఆయన ఒక జన్మంతా పట్టి చదివాడు, చదువు చెప్పాడు. కొడుకు మా కాలేజీలో నా దగ్గర చదువుకున్నాడు. పాఠం మాట ఎలా వున్నా, ఛందస్సులో దిట్ట. పద్యం నేను చదవడం పూర్తికాకముందే గురువులూ లఘువులూ వేళ్ల మీద లెక్కపెట్టేసి, ఫలానాచోట యతి తప్పింది మేష్టారూ అనేవాడు. తరువాత హోటలు మేనేజిమెంటు చదువుతానని వెళ్లాడు. హైదరాబాదులో మావాడు పెద్ద హోటల్లో మేనేజరు అని తండ్రి అందరికీ చెప్పుకున్నాడు.

కిందటేడు ఎవరో పుణ్యాత్ముడు సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో తెచ్చి చూపించాడు. అందులో మావాడు సీసాల వరస ముందు నిలబడి, వెండిగిన్నె లాంటిదేదో రెండుచేతులా ఎత్తి ఊపుతున్నాడు. అంతే. ఎనిమిది నెలలు తండ్రి ఆ కొడుకుతో మాట్లాడలేదు. కుదరబోయిన సంబంధం ఒకటి వెనక్కి పోయింది. సంక్రాంతికి కొడుకు రాలేదు. తల్లి వండిన అరిసెలు డబ్బాలోనే వుండిపోయాయి.

సెమినారు పనిమీద నేను హైదరాబాదు వెళుతున్నానని తెలిసి ఆయన మా ఇంటికొచ్చాడు. చాలాసేపు వానల గురించీ, పెన్షన్ల గురించీ మాట్లాడాడు. లేచి వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.

"మేష్టారూ, ఒక్కసారి వాడున్నచోటికి వెళ్లి కళ్లారా చూసి రండి. తాగుతున్నాడా, తాగిస్తున్నాడా, ఏటి చేస్తున్నాడో వున్నదున్నట్టు చెప్పండి. మా నాన్న చెట్టు దిగడానికి నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. వీడు మళ్లీ ఎక్కేశాడు."

దీనికి నేనేం జవాబు చెప్పగలను? సరేనన్నాను. మా ఆవిడ కూడా బయల్దేరింది. "మీరు ఒక్కరూ బారుకు వెళితే రేపు ఆ ఫొటో ఎవరో నాకు తెచ్చి చూపిస్తారు" అంది.

జూబ్లీహిల్సులో ఒక మేడ మీద వుంది ఆ స్థలం. పేరు చెప్పను, ప్రకటన అనుకుంటారు. వీధిలో బోర్డు లేదు. కింద పుస్తకాల బీరువా లాంటి తలుపొకటి. దాన్ని తోస్తే మెట్లు. ఇంత డబ్బు పెట్టి దుకాణం పెట్టినవాడు బోర్డు పెట్టుకోలేదేమని మా ఆవిడకు ఆశ్చర్యం. దీనికొక కథ వుంది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం అమలైంది. అప్పుడు తాగుబోతులు దొంగచాటు గదుల్లో, గుసగుసగా మాట్లాడుతూ తాగేవారు. నిషేధం పోయినా ఆ దొంగతలుపు మీద మోజు పోలేదు. 1999 డిసెంబరు ఆఖరురోజున న్యూయార్కులో సాషా పెట్రాస్కీ అనే ఆయన 'మిల్క్ అండ్ హనీ' అని ఒక చిన్న బారు తెరిచాడు. కాసిని కుర్చీలు, చిన్న గొంతు, కొలిచి కలిపిన పానీయం. గట్టిగా అరవరాదు, కొట్లాట రాదు, పరిచయం లేని ఆడవాళ్లను మగవాళ్లు పలకరించరాదు అని నియమాలు పెట్టాడు. మన సత్రాల్లో గోడమీద రాసే సూచనలు గుర్తొస్తాయి. ఆ నమూనాయే తరువాత ఊళ్లూ ఖండాలూ దాటి మా శిష్యుడి దాకా వచ్చింది.

లోపల ఇరవై కుర్చీలకు మించి లేవు. వెలుతురు మా ఇంట్లో కరెంటు పోయినప్పుడు వెలిగించే దీపమంత. పొడుగాటి చెక్కబల్ల వెనక మావాడు. నన్ను చూడగానే బల్ల చుట్టూ తిరిగివచ్చి, అందరి ముందూ వంగి మా ఇద్దరి కాళ్లకూ దణ్ణం పెట్టాడు. పక్కనున్న సూటువాళ్లు గ్లాసులు దించి చూశారు.

"మేష్టారూ, మీకూ అమ్మగారికీ మందు చుక్క లేనివే ఇస్తాను. నామీద వదిలెయ్యండి" అన్నాడు.

వదిలేశాం. అక్కణ్ణుంచి గంటన్నరసేపు నేను చూసిందంతా చెయ్యి పని. ముందు మంచు. మన ఫ్రిజ్జుల్లో గడ్డకట్టే మంచు మధ్యలో తెల్లగా, పొగపట్టినట్టు వుంటుంది గదా. వాళ్లది అద్దంలా వుంది. నీళ్లను అన్నివైపులా చలి తగలకుండా పైనుంచి మాత్రమే గడ్డకట్టేటట్టు చేస్తారట. నీళ్లలోని గాలీ మలినమూ కిందికి తోసుకుపోతాయి. ఆ కిందిభాగం కోసి పారేస్తారు. పెద్ద ముక్క గనక నెమ్మదిగా కరుగుతుంది, పానీయం పల్చబడదు. తరువాత కొలత. డమరుకం ఆకారంలో చిన్న లోహపు పాత్ర. ఒకవైపు 30 మిల్లీలీటర్లు, రెండోవైపు 60. మావాడు దాన్ని కంటికెదురుగా పట్టి, అంచు దాకా పోసి, అంచు దాటకుండా ఆపుతాడు. ఒక్కసారి కూడా చుక్క ఒలకలేదు. నిమ్మరసం కలిసినవాటిని మంచుతో గట్టిగా ఊపాలట, ఉత్త మందుల్ని మాత్రం చెంచాతో మెల్లిగా తిప్పాలట. ఊపేది పది పదిహేను సెకన్లు. అంతకంటే ఎక్కువైతే నీళ్లోడుతుంది, తక్కువైతే ఘాటు విరగదు.

"గురులఘువులేరా?" అన్నాను.

"అదే మేష్టారూ. గణం ఒకటి ఎక్కువైనా పద్యం కుంటుతుందని మీరేగా చెప్పారు" అన్నాడు నవ్వుతూ.

మా ఆవిడ ముందు పెట్టిన గ్లాసులో నీళ్లలా తేటగా వుంది ద్రవం. తాగితే చింతపండు, బెల్లం, మిరియం, చివర ఏదో మెత్తదనం. ఇంత రుచికి రంగేదని ఆవిడ నిలదీసింది. వాడు గుట్టు విప్పాడు. చింతపండు పులుసూ బెల్లమూ కలిపిన నీళ్లను వేడిపాలలో పోస్తే పాలు విరుగుతాయి. ఆ విరుగుడు రంగునీ వగరునీ పట్టేసుకుంటుంది. దాన్ని బట్టలో కట్టి, చుక్కచుక్కగా వడకడితే తేటనీరు దిగుతుంది. ఇంగ్లీషువాళ్లు మూడు శతాబ్దాల కిందటే మందును ఇలా పాలతో తేర్చేవారట. వాడు మందు తీసేసి మాకు చేశాడు. "విరిగిన పాలు పారబోసినందుకు మా అత్తగారు నన్ను తిట్టారు. ఈ విద్య అప్పుడు తెలిస్తే బావుండేది" అంది మా ఆవిడ.

ఇక తిండి. తిండి అనడానికి నోరు రాదు. పళ్లెం ఎంత పెద్దదో పదార్థం అంత చిన్నది. మాడుగుల హల్వాను కాగితమంత పల్చగా తరిగి, మీద రెండు ఉప్పు పలుకులు వేసి ఇచ్చారు. గోధుమపాలూ నెయ్యీ జీడిపప్పూ వేసి చేసే హల్వా మనకు తెలియంది కాదు. కాని ఉప్పు తగిలేసరికి ఆ తీపి కళ్లు తెరిచినట్టయింది. బొటనవేలంత గారె, దాని నెత్తిన చుక్క ఉలవచారు. కాల్చిన తేగను ఈనెలు తీసి, చక్రాలు కోసి, పచ్చిమామిడి పొడితో ఇచ్చారు. "ఇవి తినమని పెట్టారా, రుచి చూసి చెప్పమని పెట్టారా?" అని నా చెవిలో అడిగింది మా ఆవిడ.

నాకు మాత్రం అమరకోశం గుర్తొచ్చింది. తాగేటప్పుడు నంజుకునే పదార్థానికి 'అవదంశం' అని పేరిచ్చాడు అమరసింహుడు. తాగే పాత్ర చషకం. నలుగురూ చేరి తాగే కొలువు ఆపానం, పానగోష్ఠి. ఇవన్నీ మన పిల్లలు శ్లోకాలుగా వల్లెవేసిన మాటలే. ఏ దేశంలోనైనా తాగేవాడికి పక్కన కాస్త ఉప్పూ కారం తగలాలి. స్పెయినువాళ్లు ఆ చిరుతిండిని 'తాపా' అంటారు, అంటే మూత. గ్లాసు మీద ఈగ వాలకుండా రొట్టెముక్కో మాంసపుముక్కో మూతపెట్టడంతో ఆ పేరొచ్చిందని జనం చెప్పుకుంటారు. మనకు అంతకంటే చక్కని క్రియే వుంది, నంజుకోవడం. కడుపు నింపుకోవడం వేరు, నంజుకోవడం వేరు. ఆవకాయ నంజుకుంటాం గాని తినం.

అసలీ కలిపి తాగే విద్య ఎక్కడిదో కూడా మా శిష్యుడికి చెప్పాను, మేష్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది! 1806లో అమెరికాలో హడ్సన్ అనే ఊళ్లో ఒక పత్రిక, పాఠకుడెవరో అడిగితే, కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీరు, చేదు ఈ నాలుగూ అని జవాబు రాసింది. అంతకు చాలా ముందే 'పంచ్' అనే పానీయం వుంది. మద్యం, చక్కెర, నిమ్మ, నీరు, మసాలా ఐదూ కలిస్తే పంచ్. మన 'పంచ' శబ్దమే దానికి మూలమని చాలామంది చెబుతారు. ఇంగ్లీషు రాతల్లో ఆ మాట మొదట కనబడేది 1632లో. ఈస్టిండియా కంపెనీ కొలువులోని ఒక సిపాయి తోటి ఉద్యోగికి రాసిన ఉత్తరంలో. ఆ ఉత్తరం అందుకున్న వర్తకుడు ఎక్కడ వున్నాడనుకున్నారు? పెటపోలిలో. అంటే మన నిజాంపట్నంలో! 1611లోనే గ్లోబ్ అనే ఓడమీద వచ్చి కంపెనీవాళ్లు దిగిన తెలుగు రేవు అది.

"అయితే మన సరుకేనన్నమాట మేష్టారూ" అన్నాడు వాడు, కళ్లు మెరుస్తూ.

మన సరుకో కాదో గాని, మన తాటిచెట్టు మీద మావాడి తాత చేసిన పని మాత్రం దీనికి తీసిపోయింది కాదు. రోజుకు రెండుసార్లు చెట్టెక్కాలి. గెల కొసను గోరంత పల్చగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల పాడవుతుంది, చెక్కకపోతే కారదు. లోపల సున్నం పూసిన లొట్టిలో పడితే తియ్యని నీరా, పూయని లొట్టిలో గంటల్లోనే పులిసి కల్లు. మరునాటికి పులుపు ముదిరి తాగడానికి పనికిరాదు. ఎండనూ గాలినీ వేళనూ చూసి దించడం తెలియాలి. అదీ కొలతే. కాని దాని మీద పళ్లెం లేదు, దీపం లేదు, అద్దం లాంటి మంచు లేదు. గ్లాసు వెయ్యి రూపాయలయితే కళ, పది రూపాయలయితే కులవృత్తి. ఈ తేడా మనం పెట్టిందేగాని చెట్టు పెట్టింది కాదు.

అలాగని నేను సీసాకు హారతి పట్టబోవడం లేదు. గురజాడవారు 'కన్యాశుల్కం'లో సారాదుకాణం రంగం రాసి వందేళ్లు దాటింది. చదివితే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాని దుకాణం బయట భర్త కూలిడబ్బుల కోసం నిలబడ్డ ఆడదానికి నవ్వు రాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారూ, ఆమె తోటి స్త్రీలూ 1990ల మొదట్లో సారాకొట్లకు ఎదురు నిలిస్తేనే గదా 1993లో సారా నిషేధమూ, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. నిషేధం సడలిందిగాని వాళ్ల ఏడుపులో నిజం సడలలేదు. కారున్న ఇంట్లోనూ ఆ ఏడుపు వుంటుంది, తలుపులు మందం గనక వినబడదు, అంతే తేడా.

నేనిలా ఆలోచిస్తూ వుండగానే బల్ల రెండోకొసన గొంతు లేచింది. నలభై ఏళ్ల మనిషి, మంచి చొక్కా, మంచి గడియారం. మూడు గ్లాసులు అయిపోయాయి, నాలుగోది కావాలంటున్నాడు. మావాడు చల్లని మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. పక్కన చిన్న గిన్నెలో నాలుగు ముద్దల పెరుగన్నం, మీద కరివేపాకు పోపు.

"ఇది నా తరఫున సార్. ఆ గ్లాసు మళ్లీ వచ్చినప్పుడు ఇస్తాను."

"నా డబ్బు. నీకేంటి నొప్పి?"

మావాడు జవాబు చెప్పలేదు. కొలతపాత్రను కడిగి, తుడిచి, బోర్లించాడు. ఆయన ఇంకో రెండు మాటలు అన్నాడు. అవి రాయదగ్గవి కావు. మావాడి చెవులు ఎర్రబడ్డాయిగాని చెయ్యి సీసా వైపు వెళ్లలేదు. కారు పిలిపించాడు. కొంతసేపటికి ఆ మనిషి పెరుగన్నం తిన్నాడు. మెట్లు దిగేటప్పుడు మావాడు భుజం పట్టుకుని దించి వచ్చాడు.

మా ఆవిడ ఇదంతా చూసింది. వాడు మా దగ్గరికి రాగానే, "బాబూ, నువ్వు భోంచేశావా?" అని అడిగింది. పన్నెండు దాటాక తింటానమ్మగారూ అన్నాడు. నువ్వు తాగుతావా అని సూటిగా అడిగేశాను. "చెంచా కొసన రుచి చూడాలి మేష్టారూ, చూడకపోతే కొలత తెలీదు. వంటవాడు ఉప్పు చూసినట్టు. అంతకుమించి లేదు" అన్నాడు. ఆ మాట నిజమని వాడి చెయ్యే చెప్పింది. వణికే చేత్తో అంచుదాకా పోసి ఆపడం కుదరదు. బిల్లు ఇవ్వబోతే తీసుకోలేదు. వీధి దాకా వచ్చి, మేం ఆటో ఎక్కాక మాత్రం అడిగాడు: "నాన్నకు మోకాలి నొప్పి తగ్గిందా మేష్టారూ?"

చోడవరం చేరిన సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. అది మందు దుకాణమేనన్నాను. గుడి కాదు, బడి కాదు. అక్కడికి వచ్చేవాళ్లంతా మంచివాళ్లూ కారు. మీ వాడు తాగడు, కొలిచి పోస్తాడు. ఆ కొలత గొప్పదన్నాను. నాలుగో గ్లాసు సంగతీ, బోర్లించిన పాత్ర సంగతీ, పెరుగన్నం సంగతీ చెప్పాను. ఆ మనిషి అన్న మాటలు చెప్పలేదు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఇంట్లోంచి గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆవిడ తలుపు వెనక నిలబడి వింటున్నదని తెలుస్తూనే వుంది. ఆఖరికి వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"మా నాన్న కూడా అంతే మేష్టారూ. కూలిడబ్బులు పట్టుకుని తిన్నగా పాకకొచ్చినోడికి ఒక్క ముంత పోసేవాడు. రెండోది అడిగితే లొట్టి బోర్లించేసేవాడు. అయిపోయిందిరా, ఇంటికి పో అనేవాడు. బోర్లించిన లొట్టిలో ఇంకా వుండేది. నేలపాలయ్యేది. అందుకు మా అమ్మ తిట్టేది. నేను చూసేవాణ్ణి."

"ఈ సంగతి మీ వాడికి తెలుసా?"

"తెలీదు. మా నాన్న గురించి వాడికి నేనెప్పుడూ ఏటీ చెప్పలేదు."

లోపలినుంచి ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. తరువాత జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ఫోను తీసి, దాన్ని దూరంగా పట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు.

"వాడు రాత్రి పన్నెండు దాటాక గాని భోంచెయ్యడన్నారు కదూ?"

అవునన్నాను.

"అయితే ఇప్పుడు ఖాళీగానే వుంటాడా మేష్టారూ?"

అప్పుడు సాయంత్రం ఐదున్నర. ఆరింటికి గాని దుకాణం తెరవరు. ఖాళీగానే వుంటాడని చెప్పి, టీ పూర్తిచేసి, నేను లేచి వచ్చేశాను.